స్టీరింగ్ ఎడమవైపున్న అంబాసిడర్

అది 2023, పెత్రమాసకు ముందు రోజులు. గోదావరిఖనిలో మా ఫొటో స్టూడియోకు ఏడాది మొత్తంలో అసలైన గిరాకీ అప్పుడే. పెద్దలకు బియ్యం ఇచ్చుకునే అమావాస్య కదా, ఆ వేళకు ప్రతి ఇంటి గోడ మీదా పోయినవాళ్ల ఫొటో ఉండాలి. అరిగిపోయినవి, చెదలు కొట్టినవి, అద్దానికి అతుక్కుపోయినవి సంచుల్లో వేసుకుని వస్తారు. వాటిని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో మరకలు తీసి, అడిగినవాళ్లకు రంగులు అద్ది ఇవ్వడం నా పని. దీన్ని రీస్టోరేషన్ అంటారు. మా నాన్న తూర్పుగోదావరి నుంచి వచ్చి పెట్టిన స్టూడియో ఇది. ఆయన డార్క్‌రూములో నిలబడి చేసేవాడు, నేను ఏసీ కింద కూర్చుని చేస్తున్నాను, అంతే తేడా.

ఈ పనిలో నన్ను విసిగించేవి కార్లు. ఆ కాలంలో ఫొటో దిగాలంటే పక్కన ఏదో ఒక ఘనమైన వస్తువు ఉండాలనుకునేవారు. రేడియో ఉంటే రేడియో, లేదంటే ఎవరిదో ఒకరి కారు. ఆఫీసరు కారు ఆగి ఉంటే చాలు, దాన్ని ఆనుకుని ఒక ఫొటో. నాకేమో కారంటేనే పడదు, మంచిర్యాల దాకా కూడా కూర్చోలేను, కడుపులో తిప్పుతుంది. కానీ ఒకసారి ఒకాయన, “మా తాత కాలంల గీ కారుకు గీ రంగే లేదమ్మా” అని నేను చేసిచ్చిన ఫ్రేమును నా బల్ల మీద పడేసి పోయాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆనాటి నుంచి పాత కార్ల ముక్కూ మొహం నేర్చుకున్నాను. దీపాల కింద గ్రిల్, అంటే ముందుండే జాలీ, ఎలా ఉంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, చక్రం మూత మీద ఏముంది. పాత కార్ల పిచ్చి ఉన్న పెద్దమనుషుల గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంది, అందులోనూ చేరాను. ఫొటో పెడితే చాలు, పెళ్లి సంబంధం విచారించినట్టు కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ తీస్తారు.

ఓదెలు వచ్చింది ఒక మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగి, తల మీద ఇంకా దుమ్ముతోనే. గనిలో ఫిట్టర్, సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టర్. యాభై దాటిన మనిషి. ప్లాస్టిక్ కవర్లోంచి అరచేతంత ఫొటో తీసి నా ముందు పెట్టాడు. నలుపు తెలుపు. అంబాసిడర్ కారు, దాని ముందు, నంబరు ప్లేటుకు అడ్డంగా, ఇద్దరు కుర్రాళ్లు. ఒకడి చేతిలో బీడీ, ఇంకొకడి చేతిలో గుడ్డ. బీడీ పట్టుకున్నవాడు రెండో చేతిని పక్కవాడి భుజం మీద వేశాడు. ఛాతీల దగ్గర బూజు పట్టి తెల్లగా ఊడిపోయింది కానీ మొహాలు బతికే ఉన్నాయి. రెండూ ఒకే మొహం.

“కవల పిల్లలక్కా. ఒకలు మా బాపు మల్లయ్య, ఇంకొకలు మా పెద్దబాపు పోశం,” అన్నాడు. “నేను అవ్వ కడుపుల ఉన్నప్పుడే బాపు బాయిల పానమిడిసిండు. ఇప్పటిదాంక మా ఇంట్ల ఆయన ఫొటో లేదు. పెద్దబాపు మొన్న పోయిండు. వాళ్ల బిడ్డ ఇల్లు సదురుతుంటె గిది దొరికింది.”

“మీ నాన్న ఎవరో ఆమెకైనా తెలుసా?”

“తెల్వదన్నది. కని మా బాపుది ఎడమచేతి వాటం. మా అవ్వకు సూపు ఆనది, ఫొటో ఇస్తే తడిమి సూసింది. బీడి ఏ చేతిల ఉన్నదిరా అని అడిగింది. ఎడమ చేతిల అన్న. గాయినే మీ బాపు అన్నది.” వేలితో బీడీ కుర్రాడిని చూపించాడు. “గీయన ఒక్కన్నే కోసి పెద్దగ చేసియ్యాలె. పెద్దబాపు వద్దు. కారు కొంచెం కనవడాలె. రంగులెయ్యాలె.”

పెద్దబాపు ఎందుకు వద్దో నేను అడగలేదు, అతనే చెప్పాడు. మల్లయ్య బొగ్గుబాయిలో, అంటే గనిలో, పోయాక ఆ నౌకరీ అన్నకు వచ్చింది. తమ్ముడి పెళ్లాన్నీ బిడ్డనూ సాకుతానని కులపెద్దల ముందు ఒప్పుకుని నౌకరీలో చేరాడు. కొన్నాళ్లు సాకాడు, తరువాత కాపురం భూపాలపల్లి వైపు మార్చి మాట మరిచాడు. ఓదెలు తల్లి లచ్చవ్వ పొయ్యి కట్టెలమ్మి కొడుకును పెంచింది. “ఆయన సచ్చిపోయిండని కబురొస్తే మా అవ్వ స్నానం గూడ చెయ్యలె,” అన్నాడు ఓదెలు. ఇంట్లో ఎవరైనా పోతే తలస్నానం చేస్తారు. చెయ్యలేదంటే ఆయన ఆమె మనిషి కాడు.

బీడీ కుర్రాడిని కోసి, పైపైన శుభ్రం చేసి, నమూనాగా ఓదెలు ఫోన్‌కు పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు. “అక్కా, కాలనీవోళ్లంత అచ్చం నీ లెక్కనే ఉన్నడంటున్నరు. అవ్వ ఫోన్ తీసుకొని కండ్లకద్దుకున్నది.” నాకూ సంతోషమే అనిపించింది. ఇక మిగిలింది కారు.

గ్రూపులో పెట్టాను. పెట్టగానే మొదలు. “మార్క్-2. గ్రిల్ చూడండి, చిన్న చిన్న గళ్లు. ఈ గళ్లు మన దేశంలో తయారైన వాటికే,” అని ఒకరు. నేనూ అదే అనుకున్నాను. ఇంతలో కరీంనగర్‌లో ఉండే రిటైర్డ్ ఇంజనీరుగారు, మా గ్రూపుకు పెద్ద దిక్కు, అద్దం వెనక సన్నగా కనిపించే గుండ్రటి గీతకు ఎర్ర రంగుతో సున్నా చుట్టి పంపారు. స్టీరింగ్. అది ఎడమవైపు ఉంది! మన కార్లకు కుడివైపు కదా ఉండాలి. అంతే, రెండు రోజులు అదే రభస. ఎరువుల ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు తనతో తెచ్చుకున్న కారన్నారు ఒకరు. తెచ్చుకుంటే మన గళ్ల గ్రిల్ ఎలా వచ్చిందని ఇంకొకరు. బయటి దేశాలకు పంపడానికి చేసిన బండి, ఏదో కారణాన ఆగిపోయి ఉంటుందని మూడో ఆయన. “అరుదైన బండి అమ్మా, అసలు ఫొటో జాగ్రత్త!” అని ఇంజనీరుగారు నాకు విడిగా రాశారు. చదివి నవ్వుకున్నాను. ఇంటివాళ్ల బాధ ఒకటి, వీళ్ల బాధ ఇంకొకటి.

నేను కూర్చుని బూజు తీయడం మొదలుపెట్టాను. ఊడిపోయిన చోట్ల చుట్టుపక్కల గుడ్డ నేతను తీసుకుని పూడ్చాలి. ఇద్దరివీ ఒకే తానులో కుట్టించిన చొక్కాలు. బీడీ కుర్రాడి చొక్కా బాగుచేస్తుంటే ఛాతీ మీద జేబు బయటపడింది. కుడివైపు. చొక్కా జేబు కుడివైపు ఏమిటి? దర్జీ తప్పేమో అనుకున్నాను. పక్కవాడిదీ శుభ్రం చేశాను. అదీ కుడివైపే.

మౌస్ వదిలేశాను. డార్క్‌రూము రోజుల్లో నెగటివ్‌ను, అంటే ఫిల్మును, ఎన్‌లార్జర్ అనే యంత్రంలో పెట్టి కాగితం మీదికి వెలుతురు వేసేవారు. హడావుడిలో ఫిల్మును తిరగేసి పెడితే ఫొటో అద్దంలో బొమ్మలా కుడి ఎడమైపోయి వస్తుంది. మా నాన్న చెబుతుండేవాడు. మనుషులకు తెలియదమ్మా, వాళ్లు తమను అద్దంలోనే కదా చూసుకునేది అని. ఒక్క బటన్ నొక్కి ఫొటోను తిప్పాను. జేబులు ఎడమకు వచ్చాయి. స్టీరింగ్ కుడికి వచ్చింది. విదేశీ ఇంజనీరూ లేడు, అరుదైన బండీ లేదు, మామూలు మార్క్-2 అంబాసిడర్. బీడీ కుడిచేతిలోకి వచ్చింది.

అంటే ఎడమచేతి వాటం మనిషి రెండోవాడు. గుడ్డ ఇప్పుడు అతని ఎడమచేతిలో ఉంది, బానెట్ మీద ఆనించి ఉంది. మరి నేను కోసి పంపింది, లచ్చవ్వ కళ్లకద్దుకున్నది పోశాన్ని.

ఓదెలుకు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి పొమ్మన్నాను. వచ్చాడు, చెప్పాను, మండిపడ్డాడు.

“ఏంది గీ ముచ్చట? కంప్యూటర్ల అటు తిప్పితె అటు, ఇటు తిప్పితె ఇటు. మొన్న ఒకటి, గియ్యాల ఒకటి! నేనెవరికి మొక్కాలె?”

“ఓదెలన్నా, నా మీద అరిస్తే స్టీరింగ్ మారదు. ఇలా రండి.” నాకూ కోపం వచ్చింది. మేకప్ అద్దం ముందు నిలబెట్టాను. “మీ జేబు ఎటుంది?”

“ఎడమకు.”

“అద్దంలో మీకు ఎదురుగా నిలబడ్డ మనిషికి?”

తన గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. అద్దంలో మనిషి కుడివైపు చెయ్యి వేసుకున్నాడు. ఓదెలు స్టూలు మీద కూలబడ్డాడు. “మా అవ్వ కండ్లకద్దుకున్నదక్కా,” అన్నాడు. “ఆయన పేరెత్తితె ఉమ్మేసేది. ఆమెకెట్ల చెప్పాలె?”

చెప్పకుండా మల్లయ్య ఫొటో చేసిచ్చేస్తే సరిపోతుంది, ఆమెకు కనిపించదు కదా. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. అతనే అన్నాడు, “దాచిపెడ్త, కని పెత్రమాసనాడు బియ్యమిచ్చేటప్పుడు నా చెయ్యి వణుకుతది. ఆమె చెయ్యి పట్టుకునే ఉంటది. దొరికిపోత.”

మరునాడు ఆటోలో తల్లిని తీసుకొచ్చాడు. బక్కపలచని మనిషి, తల వెంట్రుక ఒక్కటీ నల్లగా లేదు. కుర్చీలో కూర్చోబెట్టి జేబుల సంగతి, స్టీరింగ్ సంగతి నేనే చెప్పాను.

“గట్లయితె మొన్న నేను మొక్కింది పోశం బావకా?” అంది లచ్చవ్వ.

“అవునవ్వా.”

“థూ!” అని కొంగుతో కళ్లు గట్టిగా తుడుచుకుంది, అంటుకున్నదేదో వదిలించుకున్నట్టు. “రెండో ఆయన ఏం జేస్తుండు బిడ్డా?” అని అడిగింది.

“గుడ్డతో కారు తుడుస్తున్నట్టున్నాడు. ఎడమచేత్తో.”

ఆమె నవ్వింది. ఆ మొహంలో నవ్వు ఉంటుందని నేను అనుకోలేదు. “గాయినే. అప్పటికింక బాయి పని దొరకలె. దొర కారు కడుగుతుండె. తెల్ల కారు. బొగ్గు దుమ్ముకు పొద్దుమాపు తుడిసినా మసిబారేది, దాన్ని తిట్టుకుంట తుడిసేటోడు.” రెండు రోజులు ఒక గ్రూపు మొత్తం తేల్చలేకపోయిన కారు సంగతి అలా తేలిపోయింది, రంగుతో సహా.

ఓదెలు మాత్రం లేచి తెర దగ్గరికి వచ్చాడు. మల్లయ్య మొహం మీద వేలు పెట్టి, గొంతు తగ్గించి, “బాపూ,” అన్నాడు. మొన్న ఇంకొకరి మీద వేలు పెట్టి ఆ మాటే అనుకున్నాడు. ఈసారి ఏడ్చేశాడు.

నేను పనిలో పడ్డాను. మల్లయ్య చుట్టూ గీత గీశాను, పోశం బయటికి పోయాడు. కానీ ఒక చిక్కు మిగిలింది, అది చెప్పక తప్పదు. “అవ్వా, పోశం చెయ్యి ఈయన భుజం మీద ఉంది. మనిషిని కోసేసినా చెయ్యి మిగులుతుంది. ఫికర్ లేదు, అది కూడా చెరిపేసి చొక్కా పూడ్చేస్తాను. ఎవరికీ తెలియదు.”

“చెయ్యి ఎట్లున్నది? పట్టి గుంజుతున్నట్టున్నదా?”

“లేదవ్వా. మామూలుగా, ఇష్టంగా వేసినట్టే ఉంది.”

ఓదెలు “తీసెయ్యక్కా” అనబోతుంటే లచ్చవ్వ చెయ్యెత్తి ఆపింది.

“మనిషిని తీసెయ్యి బిడ్డా. చెయ్యి ఉండనియ్యి. అప్పటికి గా చెయ్యి మంచిదే.”

అలాగే చేశాను. తెల్ల అంబాసిడర్, బానెట్ మీద గుడ్డ, ఎడమచేతి వాటం మనిషి, అతని భుజం మీద ఎవరిదో తెలియని ఒక చెయ్యి. ఇంజనీరుగారికి అసలు సంగతి రాస్తే ఆయన చాలా నొచ్చుకున్నారు, అరుదైన బండి చేజారిందని. పాత ఫొటో ఏది వచ్చినా నేనిప్పుడు ముందు చొక్కా జేబు చూస్తాను, కారు సంగతి తరువాత. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఏది చెరపాలో, ఏది ఉంచాలో నా అంతట నేను తేల్చను, ఇంటివాళ్లను అడుగుతాను. పెత్రమాస వెళ్లాక ఓదెలు వచ్చి, ఇంటికొచ్చిన వాళ్లంతా ఆ చెయ్యి ఎవరిదని అడుగుతున్నారని చెప్పాడు.

“మీ అవ్వ ఏమంటుంది?”

“వాళ్ల అన్న చెయ్యి అంటున్నది,” అన్నాడు. “పేరు మాత్రం చెప్తలేదు.”