మూత మీద బాపు చెయ్యి

నా చిన్నప్పుడు నేను నడవడం ఎవరూ చూసి ఉండరు, ఎక్కడికైనా పరుగే. సూరత్‌లో మేమున్న ఉధ్నా గల్లీలో ఆ పరుగు చూసే బడివాళ్లు నన్ను బార్డోలీలో జరిగే పోటీలకు ఎంపిక చేశారు. పదకొండింటికి పందెం. మా బాపు ఆ రోజు సాంచలకు సెలవు పెట్టాడు. సాంచలంటే కరెంటు మగ్గాలు, మా తెలంగాణవాళ్లలో సగంమంది వాటి మీదే బతికేవారు. ట్యాక్సీ నడిపే మా మేనమామ కారు తీశాడు.

దారంతా చెరకు బండ్లే. వాటి వెనకాలే పోతుండగా బానెట్ లోంచి ఆవిరి బుస్సుమంది. మామ కారు పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి చూస్తే, ఎండిన చెరకు ఆకులు ఎగిరొచ్చి ముందున్న జాలీకి అతుక్కుపోయి, రేడియేటర్‌కు గాలి తగలకుండా చేశాయి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. జల్ది, జల్ది అని బాపు ప్రాణం తోడేశాను. నీళ్లు పోస్తే సరిపోతుందనుకుని ఆయన రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. సాంచ మీద పోగు తెగితే ఆలోచించేలోపే చెయ్యి పోవాలి, ఆయనకు ఏళ్ల తరబడి అదే అలవాటు.

మామ ఆయన మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

"బావా, ఇది సాంచ గాదు. ఇప్పుడు తీస్తే మసిలే నీళ్లు మీదికొస్తయి. చెయ్యి ఉడికిపోతది."

బాపు ముఖం చిన్నబోయింది. మామ ఆకులు పీకుతూ నాకో పని చెప్పాడు: రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు తగ్గగానే తనకు చెప్పాలి. రేడియేటర్ మూతలో స్ప్రింగ్ ఉంటుందట. మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడికి నీళ్లు తొందరగా మరగవట. ఒత్తిడి మరీ పెరిగితే స్ప్రింగ్ లేచి, ఎక్కువైన నీళ్లను సన్న గొట్టంలోంచి డబ్బాలోకి వదులుతుందట. ఇంజన్ చల్లారాక రేడియేటరే వాటిని వెనక్కి పీల్చుకుంటుందట. నేను నమ్మితే ఒట్టు. పంపు లేకుండా నీళ్లు ఎలా పోతాయి?

కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డాను. పందెం సంగతే మరిచిపోయాను. చాలాసేపటికి నీళ్లు డబ్బా మీది గీతకు వేలెడు కిందికి జారాయి. నేను ఎగిరి గంతేశాను.

"మామా, తాగుతాంది! కారు నీళ్లు తాగుతాంది!"

బాపు కూడా వంగి చూసి పకపకా నవ్వాడు. మామ ఇంకాసేపు ఆగి, మూత మీద మందంగా గుడ్డ వేసి, మెల్లగా తిప్పి తీసి, తక్కువైన నీళ్లు పోశాడు.

మేం చేరేసరికి పిల్లలు వరుసగా నిలబడుతున్నారు. చెప్పులు కారులోనే వదిలేసి ఉరికాను. మూడోదాన్నయ్యాను. అయితేనేం, గల్లీలో అందరికీ ఆ డబ్బా కథే చెప్పాను.

మర్నాడు బాపుకు అన్నం తీసుకెళ్లాను. తెగిన పోగును ఆయన వేళ్లు చిటికెలో ముడివేస్తుంటే అన్నం గిన్నె దించడం మరిచి వాటినే చూశాను. ఒక్క పందెం కోసం ఆ వేళ్లనే కదా నేను తొందరపెట్టింది! ఇప్పటికీ ఎంత ఆలస్యమైనా సరే, పనిలో ఉన్న మనిషిని జల్ది అనడానికి నాకు నోరు రాదు.