సికింద్రాబాద్‌కూ చర్లపల్లికీ మధ్య ఒక పులస

ఈ ప్రయాణానికి మూలకారణం నా గొప్పలు. రాజమండ్రి నుంచి మా మావయ్యగారు మొదటిసారి నాచారంలోని మా ఇంటికి వస్తున్నారు, అదీ ఐసు పెట్టెలో పులసతో. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మా గోదావరి వాళ్ల మాట. ఆయన ఏం అమ్మారో నేను అడగలేదు. ఆయన ఎక్కిన రైలు చర్లపల్లిలో ఆగి, తర్వాత సికింద్రాబాద్ వెళుతుంది. మాకు చర్లపల్లే దగ్గర. అయినా నేను, "సికింద్రాబాద్‌లోనే దిగండి, మెట్రోలో తీసుకొస్తాను" అనేశాను. నా భార్య సుజాత మాత్రం, "మెట్రో ఎక్కడికీ పోదు. ఐసు కరిగేలోపు చేప నా వంటింట్లో ఉండాలి" అని ముందే హెచ్చరించింది.

పొద్దున ఆరున్నరకు నాచారంలో షేర్ ఆటో ఎక్కి, ఇరవై రూపాయలిచ్చి హబ్సిగూడ మెట్రో దగ్గర దిగాను. ఉప్పల్ వాళ్లకూ ఇదే లైను. తార్నాక, మెట్టుగూడ దాటితే సికింద్రాబాద్ ఈస్ట్, సర్దుకుని కూర్చునేలోపే వచ్చేస్తుంది. మెట్లు దిగి కాస్త నడిస్తే రైల్వే స్టేషన్. కొత్త భవనం పనులు జరుగుతున్నాయి కాబట్టి ఈ వారం ఉన్న దారి వచ్చే వారం ఉండదు, అడుగుతూ వెళ్లాలి. నేనూ అలాగే అడుగుతూ వెళుతుంటే మావయ్యగారి ఫోను.

"అల్లుడుగారూ, చర్లపల్లిలో దిగిపోయానండి. పక్క సీటాయన మీ నాచారం ఇక్కడికి దగ్గరన్నాడు. మీకెందుకండీ శ్రమ, ఆయ్!"

"అయ్యో, మీరక్కడే ఉండండి మావయ్యగారూ, నేనొచ్చేస్తున్నాను."

"వద్దండీ, నేనే వచ్చేస్తాను."

"పెద్దవారు, మీరు రావడమేంటండీ!"

మా వైపు ఇలాంటి మాటల్లో మర్యాదే తప్ప సమాచారం ఉండదు. ఆయన ఆగుతారనే అనుకున్నాను. చర్లపల్లికి మెట్రో లేదు కాబట్టి మూడు వందలకు ఆటో మాట్లాడుకుని, దారిలో డ్రైవరుకు కథంతా చెప్పాను. నాచారం దాటుతుంటే మా వీధి కూడా చూపించాను.

"ఈడనే ఇల్లు వెట్టుకొని సికింద్రాబాద్ వోయి, మల్ల చర్లపల్లి వోతున్నవా అన్నా?" అన్నాడతను.

"అల్లుణ్ణి కదా, తప్పదు."

"నేనైతే మా మామకు లొకేషన్ వంపుత. ఆయననే వస్తడు."

చర్లపల్లి కొత్త టెర్మినల్ అద్దాలతో తళతళలాడుతోంది. లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి, మావయ్యగారు లేరు. ఫోన్ చేశాను.

"సికింద్రాబాద్‌లో ఉన్నానండి! మీరంత ముచ్చటపడి ఇక్కడికి రమ్మన్నారు కదాని, వెనకాల బండికి టిక్కెట్టు తీసుకుని వచ్చేశాను. ఐసు సగం నీళ్లయిందండి."

నాకు ఏడుపొక్కటే తక్కువ. అయినా నోరు ఊరుకోదు కదా, "మీరక్కడే ఉండండి" అనబోయి, భయమేసి, ఆ ఫోను పెట్టేసి సుజాతకు చేశాను. ఆమె ఇద్దరినీ ఒకే కాల్‌లో కలిపింది.

"ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్లొద్దు. నాన్నా, నువ్వు ఆటో ఎక్కు. ఏమండీ, మీరూ ఎక్కండి. ఇద్దరూ తిన్నగా ఇంటికి రండి."

నేను ముందు చేరి గేటు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి ఆయన ఆటో దిగారు. పెట్టె కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. "మెట్రో చూశానండి, కింద నుంచి. స్తంభాలు బాగా కట్టారు," అన్నారు.

"ముందు మీరు పదండి మావయ్యగారూ."

"అబ్బే, మీ ఇల్లు. మీరే ముందు."

ఎండలో అలాగే నిలబడ్డాం. సుజాత వచ్చి, ఆయన చేతిలో పెట్టె అందుకుని, మూత తీసి వాసన చూసింది. "పాడవలేదు, బతికిపోయారు. మీరిద్దరూ తేల్చుకుని రండి," అని చేపతో లోపలికి వెళ్లిపోయింది.

నిజానికి ఆయన మీద నాకు కోపం రావాలి. రాలేదు. నాకు శ్రమ తప్పించాలని ఒక పెద్దాయన అంత బరువు మోసుకుంటూ రెండు స్టేషన్లు తిరిగారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయనంటే నాకు భయభక్తులే, ఇష్టం కలిగింది మాత్రం ఆ రోజే. మీ వాళ్లు ఉప్పల్, నాచారం, కాప్రా వైపు వస్తుంటే చర్లపల్లిలో దిగి ఆటో ఎక్కమనండి. మెట్రో మీద వెళ్లే చోట్లకైతే సికింద్రాబాదే మేలు. ఎక్కడ దిగినా సరే, "నేనే వస్తాను" అని వాళ్లంటే మాత్రం నోరు కట్టేసుకుని "సరే" అనండి.