స్క్రిప్టు చెరిపేసిన నా తెలివి

ఆ రోజుల్లో దాచేపల్లి వైపు ఏ సిమెంటు లారీ కదలాలన్నా నా ప్రోగ్రాము ఊఁ అనాల్సిందే. పల్నాడు రోడ్లన్నీ నా వేళ్ల మీద ఆడేవి. (మరీ అంత కాదు లెండి. ఏ బండి ఏ ఊరెళ్లాలో ఫ్యాక్టరీ గేటు దగ్గర లోపలికొచ్చేటప్పుడూ బయటికెళ్లేటప్పుడూ స్లిప్పు కొట్టే ప్రోగ్రాము అది. ఆ ఒక్క గేటే.) ఊరికో ముక్క కోడు చేత్తో రాయడానికి బద్ధకించి నేనో షెల్ స్క్రిప్టు కనిపెట్టాను. ఊళ్ల పేర్లున్న ఫైలు చదివి, బిల్డ్ చేసిన ప్రతిసారీ, అంటే ప్రోగ్రామును మళ్లీ తయారుచేసినప్పుడల్లా, కోడంతా అదే కొత్తగా రాసిపెట్టేది. (కనిపెట్టింది నా పక్క సీటు గురజాలక్క. నేను టీ తెచ్చాను.) ఆ కోడు నెత్తిన ‘ఇది స్క్రిప్టు రాసింది, చేత్తో ముట్టుకోవద్దు’ అన్న ముక్క కూడా అదే రాసుకునేది.

నాదింకా పర్మనెంటు కాని ఉద్యోగం. “ఇంకొక్క స్లిప్పు తప్పు పడిందా, ఇంటికి పో” అని మేనేజరు చెప్పేశాడు. ఆ మర్నాడే చిలకలూరిపేట లారీకి మాచర్ల స్లిప్పు వచ్చింది. నేను గుట్టుచప్పుడు కాకుండా స్క్రిప్టు రాసిన కోడులోనే ఊరు మార్చేశాను. ముట్టుకోవద్దన్న ముక్క చిరాకు పుట్టిస్తే దాన్నీ చెరిపేశాను. పిండిలో ఉప్పు లేకపోతే, దిగిన వాయి మీద ఉప్పు చల్లానన్నమాట. పేట స్లిప్పు పడింది, బండి లోడింగుకి వెళ్లింది, నేను కాలరెత్తాను.

మధ్యాహ్నం ఊళ్ల ఫైల్లో బొల్లాపల్లి పేరు చేర్చి అక్క మళ్లీ బిల్డ్ చేసింది. కొత్త వాయి దిగింది. నా దిద్దుబాటు మాయం, ముట్టుకోవద్దన్న ముక్క హాజరు! లోడుతో బయటికెళ్లబోతున్న పేట లారీ డ్రైవరు భాయ్ స్లిప్పు పట్టుకుని వచ్చాడు.

“ఏంది సారూ, లోపలికొచ్చేటప్పుడు పేట, బయటికెళ్లేటప్పుడు మాచర్లా? బండిని సగానికి కోసి రెండుపక్కలా తోలమంటారా?”

వెనక లారీల హారన్లు. అటునుంచి మేనేజరు. నేను తొణక్కుండా కూర్చుని, అసలు ఊళ్ల ఫైల్లోనే తప్పు దిద్ది, బిల్డ్ చేసి, ఆయన గేటు చేరేలోపు పేట స్లిప్పు భాయ్ చేతిలో పెట్టాను. ఉద్యోగం నిలిచింది. ముట్టుకోవద్దన్న చోటే ముట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఈ వయసులో కోపం రాదు, ముద్దొస్తాడు.

ఇదంతా రాసి మొన్న ఫోన్లో అక్కకు చదివి వినిపించాను.

“ఒరేయ్, ఆపు. ఫైలు దిద్దింది నేను, బిల్డ్ చేసింది నేను. మేనేజరొస్తన్నాడని నువ్వు ఆ లారీ ఎక్కి టార్పాలిను కింద దూరావు. బండితో పాటే పోయి పిడుగురాళ్లలో దిగి బస్సెక్కొచ్చావు. లోడుకి తోడెళ్లాడని ఆయనకి చెప్పింది కూడా నేనే. అది రాయవేంది?”