గడప దగ్గర నిలిచిన కుక్క

మొన్న వానకు తడిసిన గొంగడిని ఎండలో పరుస్తుంటే, ఆ ఉన్ని వాసనకు కామారెడ్డిలోని మా పాత ఇల్లు గుర్తుకు వచ్చింది. సంవత్సరం ఏ కాగితంలోనూ లేదు కనుక చెప్పను. నిజాం కాలం, నాకు ఏడేండ్లు.

గొర్రెలన్నీ రోగంతో పోగా, ఎల్లారెడ్డికి చెందిన ఒక ముసలి కాపరి తన కుక్కను మా బాపుకు అప్పగించాడు. వయసు మళ్లిన కుక్క. ఒళ్లంతా గొంగడి వాసన. "తింటె ఉంటది. తినకుంటె రేపు ఆయనకే ఇచ్చొస్త," అని మరునాటి ఉదయం చెప్పి, బాపు పనిమీద సదాశివనగర్ వెళ్లాడు.

నేను జొన్న గట్క పెట్టాను, ముట్టలేదు. బెల్లం కలిపాను, వాసనైనా చూడలేదు. గడప దగ్గర నిలబడి బాటనే చూస్తోంది. పారిపోవాలని చూస్తోందనుకొని, తలుపు మూసి ఏడవడం మొదలుపెట్టాను.

"నీ బెల్లానికి మురిసెటందుకు అదేమన్న చీమనా?" అని అవ్వ నవ్వింది. "తలుపు తియ్యి బిడ్డా. మందను కాసిన కుక్క అది. అందరు ఇల్లు చేరందే ముద్ద ముట్టది. మీ బాపు ఇంక రాలే గద!"

పొద్దుగూకే వేళకు బాపు వచ్చాడు. కుక్క ఆయన చుట్టూ తిరిగి, లోపలికి వచ్చి, గట్కంతా నాకేసింది.

అది ఇంకా కొన్నేండ్లు మాతోనే ఉంది. నేను బడి నుండి ఆలస్యంగా వచ్చిన సాయంత్రాలలో దాని గిన్నె నిండుగానే కనిపించేది. నా కోసం ఆకలిని ఆపుకున్నవారిని వేళ్లమీద లెక్కపెట్టగలను. ఆ లెక్క దానితోనే మొదలుపెడతాను.