తోడల్లుడి టీకా

లారీలను సరుకుతో సహా తూచే పెద్ద కాటాలు తయారుచేసే కంపెనీలో ఇద్దరు తోడల్లుళ్ళు పనిచేసేవారు. షెడ్డులో అందరూ వాళ్ళని పెద్దకాటా, చిన్నకాటా అనేవారు. పెద్దకాటా అక్కను చేసుకున్నవాడు, చిన్నకాటా చెల్లెల్ని. చిన్నవాణ్ణి ఆ ఉద్యోగంలో పెట్టించింది పెద్దవాడే. ఇనుప పళ్ళెం కింద గుంటలోకి దిగి, బరువుని పసిగట్టే లోడ్‌సెల్ ఎలా బిగించాలో, తూకపు రాళ్ళు నాలుగు మూలలా పేర్చి తేడా ఎలా పట్టుకోవాలో దగ్గరుండి నేర్పిందీ అతనే. అలా నేర్పినందుకు ఆ తర్వాత పదకొండేళ్ళపాటు తన్ను తనే తిట్టుకుంటూ వచ్చాడు.

చిన్నకాటా చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. తను నవ్వితే ఎదుటివాడికీ నవ్వొచ్చే మొహం. మేనేజరు టీ తాగుతూ కబుర్లకి పిలిచేది అతన్నే. ఇద్దరూ కలిసి అత్తగారింటికి వెళ్తే, ఆవిడ గుమ్మంలోంచే "చిన్నల్లుడు వచ్చాడే!" అని లోపలికి కేకేసేది. పక్కనే నిలబడ్డ పెద్దల్లుడు ఏ గాలికో కొట్టుకొచ్చినట్టు.

పెద్దకాటాకి ముప్పై ఆరో ఏట నడుము పట్టేసింది. బరువులెత్తే ఒళ్ళు కదా, మామూలేననుకున్నారు. పొద్దున్నే మంచం దిగడానికి గంట పట్టేది. చెప్పులు వేసుకోవడానికి భార్య వంగాల్సి వచ్చేది. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి వెన్ను కీళ్ళ మీద పడిందని చివరికి ఒక డాక్టరమ్మ కనిపెట్టింది. అతను మంచాన ఉన్న ఏడాదీ అతని పని చిన్నకాటా చేశాడు. బాగానే చేశాడు. ఆ సంగతి విన్నప్పుడల్లా పెద్దకాటాకి నడుము కన్నా అదే ఎక్కువ సలిపేది.

మాత్రలు పనిచెయ్యక డాక్టరమ్మ, తిరగబడ్డ ఆ శక్తిని అణిచే బయోలాజిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టింది. రెండు వారాలకోసారి ఫ్రిజ్‌లోంచి తీసి, చల్లదనం తగ్గాక, తొడకి ఆనించి నొక్కుకోవాలి. మూడు నెలలు తిరిగేసరికి అతను మళ్ళీ గుంటలోకి దిగాడు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పైకొచ్చాడు. ఆ మందుతో పాటు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా కూడా వేయించుకోమంది డాక్టరమ్మ. వేయించుకోలేదు. ఆ మందు వాడేవాళ్ళకి టీకా ఏదైనా విషమేనని బస్సులో పక్కసీటాయన చెప్పాడు. పక్కసీటాయన మాటకున్న విలువ డాక్టరు మాటకి ఎక్కడిది!

ఇలా ఉండగా, సముద్రం అవతలి దేశంలో ఒక రేవులో ఆరు కాటాలు నిలబెట్టే పని కంపెనీకి దొరికింది. ఆరు వారాల పని. మేనేజరు పెద్దకాటాని పిలిచి, "నువ్వే వెళ్ళాలి. ఇంకొకరి వల్ల కాదు" అన్నాడు.

ఆ "ఇంకొకరి" అన్న మాటని పెద్దకాటా ఇంటిదాకా నోట్లో చప్పరిస్తూ వెళ్ళాడు. నాలుగు రోజులు అతని కాళ్ళు నేల మీద ఆనలేదు. అత్తగారు కూడా ఫోన్ చేసి, "విమానంలో కిటికీ పక్కన కూర్చోకు నాయనా, కళ్ళు తిరుగుతాయి" అంది. పన్నెండేళ్ళలో ఆవిడ అతని కళ్ళ గురించి పట్టించుకోవడం అదే మొదలు.

ఐదో రోజు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారు. ఆ దేశంలో అడుగుపెట్టాలంటే, అక్కడ దోమకాటుతో వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరానికి టీకా వేయించుకున్నట్టు కార్డు చూపించాలి. మేనేజరు ముందుచూపున్నవాడు. "ఎందుకైనా మంచిది, చిన్నకాటాకి కూడా వేయించండి. ఎవరికి ఏ జ్వరమొచ్చినా రెండోవాడు సిద్ధంగా ఉండాలి" అన్నాడు.

పెద్దకాటా డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"మీరు వేయించుకోకూడదు" అందావిడ.

"మీరే కదమ్మా టీకాలు వేయించుకోమని గోల పెట్టారు?"

"నేను చెప్పినవి చచ్చిన క్రిములతోనో, వాటి ముక్కలతోనో చేసినవి. మీ మందు వల్ల కొంచెం తక్కువ పట్టొచ్చు గానీ, వాటివల్ల ఆ జబ్బు రాదు. ఇది అలా కాదు. ఇందులో ఉన్నది బతికున్న క్రిమి. బలం తగ్గించిందే, కానీ ప్రాణంతో ఉంది. మామూలు మనిషి ఒళ్ళు దాన్ని అణిచేస్తుంది. మీ ఒంట్లో కాపలావాణ్ణి మనమే మందు పెట్టి జోకొడుతున్నాం. అది లోపల పెరిగితే, మీరు ఏ జబ్బుకి భయపడి టీకా వేయించుకున్నారో ఆ జబ్బే రావచ్చు."

"పోనీ ఇంజెక్షన్ ఆపేస్తే?"

"కనీసం మూడు నెలలు ఆపాలి. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈలోగా మీ నడుం ఊరుకుంటుందా?"

ప్రయాణం ఐదు వారాల్లో ఉంది. "టీకా పడదని ఉత్తరం రాసిస్తారటగా?" అన్నాడు ఆఖరి ఆశగా.

"రాసిస్తాను. దాన్ని విమానాశ్రయంలో అధికారి చదువుతాడు. రేవులో దోమ చదవదు" అందావిడ. "ఆ రెండు టీకాలు వేయించుకోండి. ఈ ప్రయాణం మానుకోండి."

వేయించుకోమన్నవి మానేసి, వద్దన్నదాని కోసం ప్రాణం కొట్టుకోవడమేమిటని భార్య నవ్వబోయి, అతని మొహం చూసి ఊరుకుంది. అతను మేనేజరుకి ఏమీ చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాడు. కానీ ఆ ఆదివారం అత్తగారింట్లో హాలు మధ్య నీలం రంగు సూట్‌కేసు కనిపించింది. చిన్నకాటా కొన్నాడు, కొత్తది, నాలుగు చక్రాలది. పిల్లలు దాని మీదెక్కి తిరుగుతున్నారు.

"వెళ్ళేది నేను కదా, పెట్టె నీకెందుకు?" అన్నాడు పెద్దకాటా.

"ఊరికేనన్నా. ఎప్పటికైనా పనికొస్తుందని" అని నవ్వాడు చిన్నకాటా.

ఆ నవ్వుతో పెద్దకాటా కడుపులో నిప్పు రాజుకుంది. నేను పడితే లేవకుండా చూసుకుందామని పక్కనే కాచుకుని కూర్చున్నాడు వీడు, అనుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిందంతా ఆ మంటలో కాలి బూడిదైంది. వెయ్యిమందికి వేస్తారు, వెయ్యిమందీ చస్తున్నారా? మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే లేదంటే సరిపోయె!

టీకా కేంద్రానికి ఇద్దర్నీ కంపెనీ బండిలోనే పంపారు. పొడుగాటి గది, గోడవారగా బల్లలు, అద్దాల వెనక చల్లటి పెట్టె. నడివయసు నర్సు ఒకాయన కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చుకుని కాగితం చూసి అడుగుతున్నాడు.

"జ్వరం ఉందా?"

"లేదు."

"గుడ్డు పడదా?"

"పడుతుంది."

"ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు, ఇంజెక్షన్లు ఏవైనా వాడుతున్నారా?"

"లేదు" అన్నాడు పెద్దకాటా. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నర్సు దూదితో జబ్బ తుడిచాడు.

"ఆగండి!" అని వెనక బల్ల మీంచి చిన్నకాటా లేచాడు. "వాడుతున్నాడు. రెండు వారాలకోసారి తొడకి వేసుకుంటాడు. మా వదిన ఫ్రిజ్‌లో దాస్తుంది."

గదిలో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు. నర్సు సిరంజి పళ్ళెంలో పెట్టేసి, కళ్ళద్దాలు పైకి తోసుకుని పెద్దకాటా వంక చూశాడు. "నిజమేనా?"

పెద్దకాటా మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. ఆ దించడమే జవాబైంది. నర్సు తిట్టలేదు. "అడిగేవి మర్యాదకి అడిగే ప్రశ్నలు కాదు నాయనా" అని, కాగితం మీద అడ్డంగా గీత గీసి, "తర్వాత ఎవరు?" అన్నాడు.

తర్వాత చిన్నకాటా. అదే కుర్చీ.

బండిలో వెనక్కి వస్తుంటే పెద్దకాటా ఒక్క మాటే అన్నాడు. "కాచుకుని కాచుకుని కొట్టావు."

నీలం సూట్‌కేసు విమానమెక్కింది. ఆ ఆరు వారాలూ పెద్దకాటా తిన్నది ఒంటబట్టలేదు. రేవు ఫోటోలు, క్రేన్ల ఫోటోలు, ఎర్రటి టోపీ పెట్టుకున్న చిన్నల్లుడి ఫోటోలు అత్తగారు వీధి వీధంతా చూపించింది. పెద్దకాటా ఒక్కొక్క ఫోటో రెండు వేళ్ళతో పెద్దది చేసి, కాటా పళ్ళెం అంచుల్లో వంకర ఉందేమోనని వెతికేవాడు. దొరికేది కాదు.

"నీ ప్రాణం పోకుండా ఆపాడయ్యా వాడు" అంది భార్య ఒకరోజు, ఉండబట్టలేక.

"నా ప్రాణం కోసం ఆపాడా? ప్రయాణం కోసం ఆపాడు."

"దేనికోసం ఆపితేనేం? వాడు నోరు మూసుక్కూర్చుని ఉంటే ఇవాళ నేనెవరితో పోట్లాడేదాన్ని?" అంటూనే ఆవిడ ఏడ్చేసింది. ఆ ఏడుపు చూశాకే అతను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ తిని, ఫ్లూ టీకా ఒక జబ్బకి, న్యుమోనియా టీకా ఇంకో జబ్బకి వేయించుకున్నాడు. రెండు రోజులు జబ్బలు నొప్పెట్టాయి. అంతకుమించి ఏమీ కాలేదు. బస్సులో పక్కసీటాయన మళ్ళీ కనిపిస్తే చెబుదామనుకున్నాడు గానీ ఆయన కనిపించలేదు.

చిన్నకాటా తిరిగొచ్చిన వారానికి ఒక సిమెంటు గోదాములో ఇద్దరికీ కలిపి పని పడింది. గుంటలో, ఇనుప పళ్ళెం కింద, ఎదురెదురుగా చతికిలబడ్డారు. పైన లారీ లేదు, మనుషులు లేరు. పెద్దకాటా పానా పక్కన పెట్టి అడిగేశాడు.

"ఆ రోజు ఎందుకు చెప్పావు? నాకోసమా, నీకోసమా?"

చిన్నకాటా ఈసారి నవ్వలేదు. చేతికంటిన గ్రీజు గుడ్డకి తుడుచుకున్నాడు.

"రెండూనన్నా" అన్నాడు. "నువ్వు చస్తావేమోనని భయమేసింది. నిజం. నువ్వు ఆగితే నేను వెళ్ళొచ్చని కూడా అనిపించింది. అదీ నిజమే. ఏది ముందు అనిపించిందో నాకే తెలీదు. నా జన్మంతా నువ్వు నేర్పిన పనే చేస్తున్నాను. ఒక్కసారైనా నువ్వు లేని చోట నా పని ఎలా ఉంటుందో చూసుకోవాలనిపించింది."

నీకోసమేనన్నా అని ఉంటే పెద్దకాటా నమ్మేవాడు కాదు. నాకోసమే అని ఉంటే ఆ పానాతోనే కొట్టేవాడేమో. రెండూ అనేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. వీడికీ నామీద ఉందన్నమాట కుళ్ళు, అనుకున్నాడు. ఆ ఆలోచన ఎండలో నడిచొచ్చాక తాగిన నీళ్ళలా లోపలికి దిగింది.

"ఎలా ఉంది మరి, చూసుకున్నావుగా?"

"ఏం చెప్పమంటావు! నాలుగో కాటాలో ఒక మూల తేడా ఎంతకీ పోలేదు. తొమ్మిది రోజులు తల బద్దలుకొట్టుకున్నాను."

"తొమ్మిదా!" పెద్దకాటా మొహం విచ్చుకుంది. "ఏ మూల? నీళ్ళ వైపుదేనా? కింద పునాది కుంగిందేమో చూడలేదూ?"

"తొమ్మిదో రోజున చూశాను."

"తొమ్మిదో రోజున!" అంటూ పెద్దకాటా ఆ గుంటలో నడుము పట్టుకుని నవ్వాడు. ఆ సాయంత్రమే భార్యకి చెప్పాడు, మర్నాడు షెడ్డులో అందరికీ చెప్పాడు, ఆదివారం అత్తగారికి మరీ మరీ చెప్పాడు.