అచ్చేసినాయనే నమ్మినాడు

ఆదోనిలో మా పక్కింటామె బిడ్డకు జరం మందు మాన్పించింది. మందు వద్దు, ఈ కాగితం అచ్చేయించి పంచితే చాలు, తగ్గిపోతాదని ఏదో కరపత్రంలో ఉందంట. జనం ఏ మాటను ఎందుకు నమ్ముతారని కాలేజీలో పరిశోధన చేస్తాండే నాకు ఒళ్ళు మండింది. ఈ పొద్దు బస్సెక్కి, దాన్ని అచ్చేసిన ఎమ్మిగనూరు ప్రెస్సుకే పోయినా.

"ఇది నిజమని నీకెవరు సెప్పినారప్పా?" అని ప్రెస్సాయన్ని అడిగినా.

"అచ్చులో ఉంది కద సార్, అబద్ధం యాడుంటాది?"

"అచ్చేసింది నువ్వే కదప్పా!" అని అరిసినా.

ఆయన సీసం అక్షరాలు పేర్చుకుంటానే, "మీ పరిశోధన గూడా తీసుకురాండి సార్, అచ్చేస్తా. దాన్నీ నమ్ముతా" అన్నాడు.

ఇంటికొచ్చి పక్కింట్లోకి పోయి చూస్తే, ఆ బిడ్డ ఒళ్ళు ఇంకా కాలిపోతాంది.

రేపు నా పరిశోధన అచ్చయితే, నమ్మే ముందు మీరన్నా నన్ను నిలదీసి అడగండి, ఇది నీకెట్ల తెలుసప్పా అని.