గుమ్మం బయట సముద్రం

నిమ్మకాయ తొక్కను గోటితో గీరితే వచ్చే వాసన నన్ను ఇప్పటికీ తలదించుకునేలా చేస్తుంది. నిన్న తొమ్మిదో తరగతి పిల్లల్ని పోలవరం తీసుకెళ్తుంటే, దారిలో ఒక పిల్లాడికి బస్సు పడక కడుపులో తిప్పింది. జేబులోంచి నిమ్మకాయ తీసి, గీరి, వాడి ముక్కు దగ్గర పెట్టాను. కాసేపటికి వాడు తేరుకుని కిటికీలోంచి గోదావరిని చూడటం మొదలుపెట్టాడు. నాకు మాత్రం సింగపూర్‌లో గడిచిన ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆ రోజు నేను ఒక తప్పు చేశాను. ఒక అమ్మాయి తన కళ్ళతో చూసి చెప్పిన మాటను అందరి ముందూ నవ్వులపాలు చేశాను. ఊరికి తిరిగొచ్చాక ఆ అమ్మాయినే ఆ యాత్ర వీడియోలోంచి తీసేశాను. అది తప్పని నాకు తెలిసేలా చేసిన మనిషి వరలక్ష్మి గారు. బ్యాగులో నిమ్మకాయ లేకుండా బస్సెక్కకపోవడం ఆవిడ అలవాటే. ఆవిడ పోయాక అది నాకొచ్చింది.

వరలక్ష్మి గారు మా రాజమండ్రి స్కూల్లో సోషల్ చెప్పేవారు. నేను ఇంగ్లీషు టీచరుగా చేరిన రెండో ఏడు, యాజమాన్యం పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్ళాలనుకుంది. కొట్ల యజమానుల పిల్లలు కొందరు, చుట్టుపక్కల ఊళ్ళ రైతుల పిల్లలు కొందరు బయల్దేరారు. ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక ప్రసిద్ధ కట్టడం ముందు నిలబడి ఇంగ్లీషులో తమ అనుభూతి చెప్పాలి, వార్షికోత్సవంలో ఆ వీడియో తల్లిదండ్రులకి చూపించాలి. ఆ పని నాకు అప్పగించారు. నేను బయల్దేరకముందే ఎవరు ఏం చెప్పాలో రాసేసి, బట్టీ పట్టించాను. చూడకముందే అనుభూతి ఎలా పుడుతుందన్న అనుమానం నాకు రాలేదు. వరలక్ష్మి గారు నేత చీర మీద తెల్లటి స్పోర్ట్స్ షూస్ వేసుకుని విమానం ఎక్కారు. పిల్లలు నవ్వితే, "నడవాల్సింది కాళ్ళు కదమ్మా, చీర కాదుగా" అన్నారు.

నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ దగ్గర ఆవిడ పద్ధతి మొదటిసారి చూశాను. నేను పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోను సర్దుకుంటుంటే, ఆవిడ అందర్నీ వెనక్కి తిరగమన్నారు. "సింహం ఎక్కడికీ పోదు. ఫొటోలో ఇంటికొస్తుంది. దానికి వీపు పెట్టి, ఎదురుగా ఏముందో చూడండి. అది ఫొటోలో రాదు" అన్నారు. పిల్లలు తిరిగి చూశారు. బట్టల కొట్టు వాళ్ళబ్బాయి కాసేపు చూసి, "సింహం ఒక్కటే నోరు తెరిచిందనుకున్నాను మేడం, ఇక్కడ జనమంతా తెరుచుకునే ఉన్నారు" అన్నాడు. నిజమే. ఆ నీళ్ళు తమ నోట్లో పడుతున్నట్టు ఫొటో రావాలని దేశదేశాల జనం నోళ్ళు తెరిచి నిలబడ్డారు. ఆవిడ పైటచెంగుతో కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నేను నవ్వలేదు. వాణ్ణి మళ్ళీ సింహం ముందు నిలబెట్టి, ఈ విగ్రహం సింగపూర్‌కే గర్వకారణమని ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పించాను.

మర్నాడు మధ్యాహ్నం బ్యారేజీకి వెళ్ళాం. సముద్రాన్ని ఊళ్ళోకి రానీయకుండా కట్టిన ఆనకట్ట అది. ఒకపక్క మంచినీళ్ళు, ఒకపక్క సముద్రం, మధ్యలో ఇనుప తలుపులు. పైన గడ్డి మీద జనం గాలిపటాలు ఎగరేసుకుంటున్నారు. నాకు కావలసింది ఊరివైపు కనిపించే మేడలు. మూడు మేడల నెత్తిన ఓడ పెట్టినట్టుండే హోటలు వెనకాల కనబడేలా పిల్లల్ని నిలబెడుతున్నాను. సత్యవేణి వంతు వచ్చింది. కాలువ చిట్టచివర, సముద్రానికి దగ్గరగా ఉండే ఊరి రైతు కుటుంబం పిల్ల. అంతవరకూ నోరెత్తి మాట్లాడగా నేను వినలేదు. నేను రాసిచ్చింది చెప్పకుండా ఆ అమ్మాయి సముద్రం వైపు తిరిగి, తెలుగులో మొదలుపెట్టింది.

"మా తాతయ్య ఇదొక్కటీ బాగా చూసి రమ్మన్నారు సార్. ఇక్కడ సముద్రం గుమ్మం బయటే ఆగింది. మా ఊళ్ళో అడక్కుండా లోపలికొచ్చేస్తుంది. మా మురుగుకాలవకి కూడా ఇలాంటి తలుపులుంటే మా చేలు ఉప్పెక్కవు."

నేను రికార్డింగు ఆపకుండానే నవ్వాను. "సింగపూర్ దాకా వచ్చి కూడా మురుగుకాలవ గొడవేనా? మీ ఊరిని సూట్‌కేసులో పెట్టుకొచ్చావా ఏంటి?" అన్నాను. పిల్లలందరూ పగలబడి నవ్వారు. సత్యవేణి వాళ్ళతోపాటు నవ్వబోయి, ఆగిపోయింది. తర్వాత మేడల ముందు నిలబడి నేను రాసిన వాక్యం తప్పులేకుండా అప్పజెప్పింది. ఆ ముఖంలో ఏమీ లేదు.

తిరుగు బస్సులో నాకు కడుపులో తిప్పింది. వరలక్ష్మి గారు వచ్చి పక్కన కూర్చుని, అక్కడి మన వాళ్ళ బజారులో కొన్న నిమ్మకాయను గీరి నా చేతిలో పెట్టారు. తిడతారేమోననుకున్నాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూనే, "మీరు అందంగా తీస్తున్నారండి. కాని వీడియో అంతా మీరే మాట్లాడుతున్నారు. పిల్లలు నోళ్ళు కదుపుతున్నారంతే" అన్నారు. పాతకాలం మనిషి, ఈ పనులు ఆవిడకేం తెలుస్తాయని సరిపెట్టుకున్నాను. ఇంటికొచ్చి వీడియో కూరుస్తూ, ముఖంలో ఉత్సాహం లేదన్న సాకుతో సత్యవేణి వాక్యాన్ని కూడా తీసేశాను.

వార్షికోత్సవానికి వాళ్ళ తాతయ్య ఉతికిన పంచె, కండువాతో అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. వీడియో అయిపోయాక, అందరూ చప్పట్లు కొడుతుంటే, నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

"అంతా బాగుందండి మాస్టారూ. మా వేణి మాత్రం కనబళ్ళేదు. ఆ రోజు పిల్లకి ఒంట్లో బాలేదాండీ?"

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న సత్యవేణే అందుకుంది. "నేనే వద్దన్నాను తాతయ్యా. కెమెరా అంటే సిగ్గేసింది." నేను, "అవునండి" అన్నాను. బ్యారేజీ దగ్గర నవ్వడం తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఈ "అవునండి"కి అలాంటి పేరు కూడా దొరకదు. తల తిప్పేసరికి నాలుగడుగుల దూరంలో వరలక్ష్మి గారు ఉన్నారు. అంతా విన్నారు.

మర్నాడు స్టాఫ్‌రూములో ఆవిడ దగ్గరికెళ్ళి, పొరపాటైపోయిందని చెప్పాను. ఆవిడ పేపర్లు దిద్దుతూ, "నన్నేం చేశారని నాకు చెబుతున్నారు?" అని అడిగారు. పెన్ను పక్కన పెట్టారు.

"ఆ పిల్ల మీ మర్యాద కాపాడిందండి. దాని మాట ఇంకా మీ దగ్గరే ఉంది. తీసుకెళ్ళి ఇచ్చి రండి."

మీరు కూడా రండి మేడం అని బతిమాలాను. "నేనొస్తే మీరు నా వెనకాల నిలబడతారు" అని, బ్యాగులోంచి ఒక నిమ్మకాయ తీసిచ్చారు.

ఆదివారం సత్యవేణి వాళ్ళ ఊరు వెళ్ళాను. తీసేసిన ముక్క నా ఫోనులో అలాగే ఉంది. అరుగు మీద కూర్చుని పెద్దాయనకి జరిగింది చెప్పాను. పిల్ల సిగ్గుపడలేదని, నేనే తీసేశానని, మీరడిగినప్పుడు అబద్ధానికి తలూపానని చెప్పాను. ఆయన ఫోను తీసుకుని, ఎండ పడకుండా కండువా అడ్డం పెట్టుకుని చూశారు. మనవరాలి మాట వినిపించింది. దాని వెనకే నా మాట, పిల్లల నవ్వు. సత్యవేణి గుమ్మంలో నిలబడి నేల చూస్తోంది. మళ్ళీ ఒకసారి వెయ్యమన్నారు. రెండోసారి కూడా చివరిదాకా విన్నారు.

సింగపూర్ నుంచి వచ్చిన రోజే బ్యారేజీ ఎలా ఉందని ఆయన అడిగారట. ఏముంది తాతయ్యా, నీళ్ళే అందట. మళ్ళీ అడిగితే కూడా అంతేనట. ఎంతో ఆశగా పంపిన మనిషికి ఇంట్లో దక్కింది ఆ ఒక్క ముక్క. ఆయన మనవరాలి వైపు తిరిగి, "గుమ్మం బయటే ఆగిందా అమ్మా?" అన్నారు. ఆ అమ్మాయి గుమ్మం దిగి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "ఆగింది తాతయ్యా. ఇటు మంచినీళ్ళు, అటు ఉప్పునీళ్ళు. పెద్ద వానొచ్చినప్పుడు సముద్రం కిందికుంటే తలుపులు తీస్తారట. పోటు మీదుంటే తియ్యరు, నీళ్ళు మోటార్లతో తోడిపోస్తారట." రెండు అరచేతులూ నిలబెట్టి తలుపులు ఎలా వాలతాయో చూపించింది. అదంతా గైడు చెప్పాడు. నేను అప్పుడు ఫోనులో హోటలు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నాను.

పెద్దాయన మమ్మల్ని చేల వెనకున్న మురుగుకాలవ దగ్గరికి తీసుకెళ్ళారు. చేలల్లో మిగిలిన నీళ్ళు అందులోంచే సముద్రంలోకి పోవాలి. పోటు వచ్చినప్పుడు సముద్రమే అందులోంచి ఎదురెక్కి వస్తుంది. గట్టు పొడవునా మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. "మురుగుకాలవ గొడవేనా అన్నారు కదండీ," అన్నారాయన నెమ్మదిగా. "ఆయ్, మాకదే గొడవండి." నేను చేతులు జోడించాను. ఆయన నా చేతులు కిందికి దించి, ఎండ ఎక్కువగా ఉంది, మజ్జిగ తాగి వెళ్ళమన్నారు.

బయల్దేరేముందు సత్యవేణిని అడిగాను, రేపు అసెంబ్లీలో అందరి ముందూ ఆ ముక్క చూపించనా అని. తను ఆలోచించింది.

"మీరన్నది కూడా ఉంచుతారా సార్?"

ఉంచుతానన్నాను.

సోమవారం హాల్లో తెర మీద మొత్తం వేశాను, ఎక్కడా కత్తిరించకుండా. ముందు రెండు ముక్కలు చెప్పాను, ఇందులో వినపడే వెకిలినవ్వు నాదేనని, అది తప్పని. సత్యవేణి గొంతు హాలంతా వినిపించింది. తర్వాత నాది. బ్యారేజీ దగ్గర నవ్విన పిల్లలెవరూ ఈసారి నవ్వలేదు. వరలక్ష్మి గారు ఎక్కడున్నారా అని చూశాను. ఆవిడ తెరకి వీపు పెట్టి నిలబడి, పిల్లల వైపు చూస్తున్నారు. నేను వేదిక దిగి వెళ్ళి ఆవిడ పక్కన, ఆవిడలాగే తిరిగి నిలబడ్డాను. మూడో వరసలో సత్యవేణి కనిపించింది. తలెత్తి తెరవైపే చూస్తోంది.